పెట్టెలో లేని ఎలుక

జనవరి 9

ఎలుక ఇంటికి వచ్చింది.

కొట్టాయన దాన్ని దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. రెండు వందల ఏళ్ళ నాటి జపాన్ చెక్కడాన్ని అగ్గిపెట్టెలోనా అంటే, "పల్లకీని చూసి పిల్లని చేసుకుంటారా మేడమ్?" అన్నాడు. ఆయన కొట్లో సగం పాత సామాను, సగం పాత అబద్ధాలు. ఈ బొమ్మ మాత్రం అబద్ధం కాదు. ఇన్నేళ్ళుగా పళ్ళ సెట్లు చేస్తున్న చేతులివి. దేన్ని చేత్తో చెక్కారో, దేన్ని మిషను మీద తిప్పారో వేలితో తడిమి చెప్పగలను.

బొటనవేలి కొసంత ఉంది. ముడుచుకుని నిద్రపోతున్న ఎలుక. మూతి ముందుకాళ్ళ మధ్య దాచుకుంది. తోక పొట్ట కిందుగా వచ్చి చెవి వెనక ఆగింది. ఎక్కడా ఒక్క మొన బయటికి పొడుచుకు రాలేదు. కళ్ళు కూడా పొదిగినవి కావు, అదే కొయ్యలో చెక్కినవి. ఎన్ని చేతులు తాకాయో, తేనె రంగుకి తిరిగింది.

అక్కకి చూపించాను. "పిట్టా" అంది. బొమ్మని చూసి అందో, నన్ను పిలిచిందో తెలియదు. చిన్నప్పుడు నన్ను అలాగే పిలిచేది. మతి జారిపోయాక తనకి మిగిలిన నాలుగు మాటల్లో అదొకటి.

జనవరి 14

అక్కని చూసుకోవడానికి ఏజెన్సీ వాళ్ళు పంపిన మనిషి పేరు నా నోటికి ఎప్పుడూ రాదు. పొడుగమ్మాయి అంటాను. వంటగదిలోకి వచ్చినప్పుడల్లా తల వంచాల్సిందే. ఈ రోజు నేను ఇలాంటి కొయ్యబొమ్మలన్నీ దాచుకునే పెట్టె తెరిచి తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

"ఇవేంటమ్మా, గుండీలా?"

"ఒక రకంగా గుండీలే. పూర్వం జపాన్‌లో వాళ్ళ బట్టలకి జేబులు ఉండేవి కావు. డబ్బు సంచీనో మందుల డబ్బానో తాడుకి కట్టి నడుం పట్టీలో నుంచి పైకి లాగి, ఆ కొసకి ఇది కట్టేవాళ్ళు. జారిపోకుండా. నెట్సుకే అంటారు."

"జేబు కుట్టించుకుంటే పోయేదానికి ఇంత పనా!"

నాకు నవ్వాగలేదు. నేను నవ్వానని అక్క కూడా నవ్వింది. అక్క బాగున్న రోజుల్లో అయితే ఆ మాట తనే అనేది. ఊరంతటికీ బట్టలు కుట్టిన మనిషి. అమ్మ పోయాక ఆ కుట్టు మిషను మీదే నన్ను చదివించింది.

నవ్వడం అయ్యాక పొడుగమ్మాయి, "వీటిని పైకెత్తి పెట్టండమ్మా. పెద్దమ్మ ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటోంది. మొన్న సబ్బుముక్క" అంది.

"మా అక్కేం చంటిపిల్ల కాదు."

"చంటిపిల్లయితే ఇవాళ కాకపోతే రేపు ఎదుగుతుందిలే అనుకోవచ్చు."

నాకు చురుక్కుమంది. నోటికి తగ్గ పొడుగు. లేదా పొడుగుకి తగ్గ నోరు.

జనవరి 20

పొడుగమ్మాయి పాత తువ్వాలుకి ముడులు వేసి ఒక బొమ్మ చేసింది. తలేదో కాళ్ళేవో దేవుడికే తెలియాలి. అక్క పొద్దస్తమానం దాన్ని పట్టుకుని చప్పరిస్తుంది. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది, వాసన. "ఇంత పెద్దదయితే మింగలేదు కదమ్మా, చేతులకీ పని" అంటుంది ఆ అమ్మాయి. నిజమే. అయినా నా పెట్టె పక్కన అది కనపడితే కొసవేలితో పక్కకి నెడతాను. అక్క చేతుల్లో అంత వికారమైన వస్తువా! పట్టు మీద కంటికి కనపడని కుట్టు వేసిన చేతులవి.

పెట్టె బల్ల మీదే ఉంటుంది. బీరువాలో పెట్టి తాళం వేస్తే కొయ్య చచ్చిపోతుంది. దానికి చేతి తడి కావాలి, చేతి వేడి కావాలి. ఈ సంగతి నెట్సుకే కొన్నవాళ్ళకి తప్ప అర్థం కాదు.

ఫిబ్రవరి 2

కోతి నాదే!

కొట్టాయన మధ్యాహ్నం ఫోన్ చేశాడు. కూర్చుని చెవి గోక్కుంటున్న ముసలి కోతి వచ్చిందట. పళ్ళ డాక్టరు కూడా దానిమీద కన్నేశాడట. మా ల్యాబ్‌కి సెట్లు ఆర్డరిచ్చే డాక్టరే. నాకు పనిచ్చే మనిషి, నా బొమ్మలకి అడ్డం పడే మనిషి కూడా. "ఆయన సాయంత్రం వస్తానన్నాడు మేడమ్, మీరు ఇప్పుడే ఊఁ అంటే ఆయనకి ఊఁహూఁ అంటాను" అన్నాడు. చాలాసేపు బేరం లాగాడు. చివరికి ఊఁ అన్నాను.

పొడుగమ్మాయి మందుల కోసం వెళ్ళింది. అక్క ఇవాళ మహా గొడవ చేసింది, ఫోన్లో మాట వినపడనివ్వలేదు. తర్వాత తనే శాంతించింది. కాస్త దగ్గితే మంచినీళ్ళు తాగించాను.

కోతి గురువారం వస్తుంది.

ఫిబ్రవరి 4

ఎలుక పెట్టెలో లేదు.

కప్ప ఉంది, నత్త ఉంది, ఆవలిస్తున్న సన్యాసి ఉన్నాడు. ఎలుక గుంట ఖాళీ. బల్ల కింద, పరుపు కింద, చెత్తబుట్టలో, అక్క స్వెట్టర్ జేబుల్లో అంతా వెతికాను. లేదు. మొన్న చూసుకుని మళ్ళీ పెట్టెలోనే పెట్టాను. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 5

మంచి పని చేశానని అనను. చెయ్యక తప్పలేదు.

కొట్టాయన కోతిని తీసుకొచ్చిన వేళకే ఇదంతా జరిగింది. ఎలుక సంగతి చెబితే ఆయన వంటగది వైపు కళ్ళు తిప్పి, గొంతు తగ్గించి, "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు మేడమ్" అన్నాడు. గొంతు తగ్గించినా ఆ అమ్మాయికి వినిపించింది. బయటికి వచ్చింది.

"నన్నేనా?"

"ఎవరినీ అనలేదు. ఎలుక బొమ్మ కనపడటం లేదు. నువ్వేమైనా చూశావా?"

"చూళ్ళేదు."

"నీ సంచి ఒకసారి చూపిస్తావా?"

ఆమె సంచి తెచ్చి నా చేతికివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "మీరే చూసుకోండి" అంది. కొక్కేనికి తగిలించి ఉన్న సంచి తీసి బల్ల మీద బోర్లించాను. మార్చుకునే బట్టలు, లోపలి బట్టలు, కాగితంలో చుట్టిన సగం బ్రెడ్డు, విరిగిన దువ్వెన, తలనొప్పి మాత్రలు. కొట్టాయన గోడవైపు తిరిగి గడియారం చూస్తున్నట్టు నిలబడ్డాడు.

ఎలుక లేదు. లేనంత మాత్రాన? సంచిలో పెట్టుకుని ఎవరైనా ఇన్నాళ్ళు తిరుగుతారా? ఆ మాటే పైకి అన్నాను.

ఆ అమ్మాయి ఏడవలేదు. ఒక్కొక్కటీ మడతపెట్టి సంచిలో సర్దుకుంది. వెళ్ళేముందు అక్క దగ్గరికి వెళ్ళి తల నిమిరి, తువ్వాలు బొమ్మ ఒళ్ళో పెట్టింది. "పెద్దమ్మకి మధ్యాహ్నం మందు ఇంకా వెయ్యలేదు" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

మొన్న పెట్టెలోనే పెట్టాను. నాకు బాగా గుర్తు.

ఫిబ్రవరి 6

ఏజెన్సీకి ఫోన్ చేశాను. దొంగ అన్న మాట నేను వాడలేదు. ఒక విలువైన వస్తువు కనపడటం లేదు, ఇక ఆమెని పంపవద్దు, అన్నానంతే. మిగతాది వాళ్ళే అర్థం చేసుకున్నారు. వాళ్ళు అర్థం చేసుకున్నదానికి నేనా బాధ్యురాలిని?

కొత్త మనిషి రావడానికి సమయం పడుతుందట. ల్యాబ్‌కి సెలవు పెట్టాను. కోతి చాలా బాగుంది.

ఫిబ్రవరి 9

అక్క సరిగా తినడం లేదు. ఇంట్లో మనిషి మారితే ఇలాంటివాళ్ళు అలుగుతారని ఎక్కడో చదివాను. బ్రెడ్డు పాలల్లో నానబెట్టి పెడితే రెండు ముద్దలు తీసుకుని మూతి బిగించింది. కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. స్వెట్టర్ చెయ్యి నోట్లో పెట్టుకుని కొరుకుతూ కూర్చుంటుంది. తువ్వాలు బొమ్మని ముట్టుకోవడం లేదు.

పొడుగమ్మాయి ఎలుకని ఎంతకి అమ్మేసి ఉంటుందో! దాని విలువ తెలియని చేతుల్లో పడింది, అదే నా బాధ.

ఫిబ్రవరి 11

వాంతులు. వీధి చివరి డాక్టరు ఇంటికి వచ్చాడు. పొట్ట నొక్కి చూశాడు. అక్క ఆయన చెయ్యి తోసేసింది.

"ఏమైనా మింగారా? ఇలాంటి పేషెంట్లు నాణేలూ గుండీలూ మింగేస్తుంటారు."

"లేదండీ."

"ఖాయంగా?"

"నేను ఇంట్లోనే ఉంటున్నాను కదండీ."

ఎందుకైనా మంచిదని ఎక్స్‌రే తీయించమన్నాడు. తీయించాను. ఏమీ లేదు. ఫిల్మ్ లైటుకి పట్టి చూసి, "శుభ్రంగా ఉంది, గ్యాస్ అయ్యుంటుంది" అన్నాడు. ఎంత తేలికపడ్డానో! తేలికపడటానికి ముందు బరువేముంది? అక్క గురించే. ఇంకేముంటుంది?

ఫిబ్రవరి 12

ఎక్స్‌రేలో ఏమీ లేదు.

ఫిబ్రవరి 13

పక్కింటావిడని అక్క దగ్గర కూర్చోబెట్టి ల్యాబ్‌కి వెళ్ళొచ్చాను. సగంలో ఆగిన సెట్లు ఉండిపోయాయి. పళ్ళ డాక్టరు వచ్చాడు. కోతిని తన్నుకుపోయానని దెప్పాడు. "మీకు కోతి, నాకు కోతిచేష్టలు" అని తనే నవ్వుకున్నాడు. వెళ్తూ వెళ్తూ రెండు పళ్ళ సెట్టు ఒకటి ఆర్డరిచ్చి, "ముసలాయన, మతిమరుపు. ఇందులో కాస్త వైరు కలపండి. మింగేస్తే ఎక్స్‌రేలో కనపడాలి కదా. ఉత్త ప్లాస్టిక్కయితే కనపడి చావదు" అన్నాడు.

నాకు తెలియనిదా? ఆయన డాక్టరు కాకముందు నుంచీ నేను వైరు కలుపుతున్నాను.

సెలవు మళ్ళీ పొడిగించి వచ్చేశాను. మైనపు వాసన పడటం లేదు ఈ మధ్య.

ఫిబ్రవరి 14

అక్క నాలుగు చెంచాల పాలు తాగింది. మెరుగే.

ఫిబ్రవరి 15

మెరుగే. నిద్రపోతోంది.

ప్లాస్టిక్ వేరు. అది వేరే సంగతి.

ఫిబ్రవరి 17

పొద్దున అక్క దుప్పటి మీద నల్లటి వాంతి. పొట్ట చెక్కలా బిగుసుకుంది. పక్కింటావిడ అంబులెన్సు పిలిచింది. నేను అక్క చెప్పుల కోసం వెతుకుతూ నిలబడ్డాను. నడవలేని మనిషికి చెప్పులెందుకు అని ఆవిడ అరిచేదాకా తెలివి రాలేదు.

పెద్దాసుపత్రిలో సర్జన్ ఒకావిడ. నా కన్నా చిన్నదే. పాత ఎక్స్‌రే చూసింది, కొత్తది తీయించింది.

"పేగు మూసుకుపోయింది. ఎందుకో తెలియడం లేదు. ఏమైనా మింగారా?"

నేను ఎక్స్‌రే వైపే చూస్తున్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి నా భుజం పట్టుకుని.

"కొయ్య... చిన్న కొయ్యబొమ్మ ఒకటి కనపడటం లేదండీ ఇంట్లో."

"కొయ్యా? ఎన్నాళ్ళయింది?"

"రెండు వారాలు."

"కొయ్య ఎక్స్‌రేలో పడదండీ! ముందు డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?" అంది. జవాబు కోసం ఆగలేదు. అప్పటికే లోపలికి నడుస్తోంది. నర్సుని కేకేస్తోంది.

ఫిబ్రవరి 18

పేగుకి చిల్లు పడి లోపలంతా చీము పట్టిందట. బాగు చేశారట. ఆశ పెట్టుకోవద్దనీ అనలేదు, పెట్టుకోమనీ అనలేదు.

సర్జన్ ఒక ప్లాస్టిక్ సీసా నా చేతిలో పెట్టింది. అందులో ఎలుక ఉంది. రంగు నల్లబడింది. ఆసుపత్రి బాత్‌రూంలో కొళాయి కింద కడిగాను. కడిగి, ఆ లైటు కింద తిప్పి తిప్పి చూశాను. తోక మొదట్లో సన్నటి చీలిక వచ్చింది. "అయ్యో" అన్నాను. పైకే అన్నాను. దేన్ని చూసి అన్నానో రాయక్కర్లేదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

మధ్యాహ్నానికి అక్క కూతురు వచ్చింది. ఉద్యోగం ఊరికి ఆ చివర. నెలకోసారి వచ్చి గంటసేపు కూర్చుని వెళ్ళే పిల్ల. అద్దం లోంచి తల్లిని చూసి గోడకి జారగిలబడింది.

"ఎలా మింగింది పిన్నీ? చూసుకునే మనిషి ఉంది కదా?"

"ఆ అమ్మాయి చూసుకోలేదేమోనే."

ఆ మాట దానంతటదే వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి వ్యవధి ఉంది. అది కళ్ళు తుడుచుకునేంత సేపూ ఉంది.

ఫిబ్రవరి 20

పొడుగమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. ఎవరు చెప్పారో! పక్కింటావిడ అయ్యుంటుంది. నన్ను చూసి ఆగింది. తర్వాత నేను అక్కడ లేనట్టే నర్సు దగ్గరికి వెళ్ళి, ఒక్క నిమిషం చూస్తానని బతిమాలుకుంది. లోపలికి పంపారు.

నేనూ వెనకే వెళ్ళాను. అక్క ముక్కులో గొట్టం, చేతికి గొట్టం. జుట్టు ఉండలు కట్టేసింది. ఆ అమ్మాయి వేళ్ళతోనే చిక్కు తీయడం మొదలుపెట్టింది. దువ్వెన లేదు. నావైపు చూడకుండానే అడిగింది.

"స్వెట్టర్ చెయ్యి కొరికిందా?"

"ఊఁ."

"కడుపులో నొప్పొస్తే అదే చేస్తుంది. చెయ్యి కొరుకుతూ, ఏదిచ్చినా పట్టుకోదు. మీకు చెబుదామనుకునేదాన్ని ఎప్పుడూ. ఆ రోజు చెప్పే వీలు లేకపోయింది."

అక్క కళ్ళు తెరిచిందని అనుకుంటాను. పెదాలు కదిలాయి. నా పేరు కాదు.

అప్పుడే అక్క కూతురు క్యాంటీన్ నుంచి వచ్చింది. ఈమె ఎవరో తెలియగానే దాని మొహం మారిపోయింది. మంచం పక్కనుంచి చెయ్యి పట్టి వరండాలోకి లాక్కొచ్చింది. "మా అమ్మని చూసుకోమని పెడితే నువ్వేం చేశావ్? ఎటు చూస్తూ కూర్చున్నావ్? ఇప్పుడొచ్చి జుట్టు దువ్వుతున్నావా?" వరండాలో అందరూ తలలు తిప్పారు.

పొడుగమ్మాయి నావైపు చూసింది. నిందిస్తూ కాదు. ఏదో ఒకటి చెప్తానని చూసింది. నేను నా చేతిసంచి జిప్పు సరిచేసుకుంటున్నాను. అది ఇరుక్కుపోయింది. నిజంగానే ఇరుక్కుపోయింది.

ఆమె వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 21

అక్క కూతురు ఏజెన్సీకి ఫోన్ చేసిందట. పోలీసులకి చెబుతానని కూడా అందట. నేను ఊఁ కొట్టాను.

ఫిబ్రవరి 23

ఇక ఆసుపత్రికి వెళ్ళే పని లేదు.

ఫిబ్రవరి 26

అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళారు. కొట్టాయన కూడా వచ్చి తల వంచుకుని కూర్చున్నాడు. లేచేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ ఎలుక దొరికిందటగా మేడమ్... ఏమీ అనుకోకండి, నీళ్ళు తగిలిన కొయ్యని ఎండలో పెట్టకండి, నీడలో ఆరనివ్వండి" అన్నాడు.

ఆయన మీద కోపం రాలేదు. ఆ పని నేను ఆయన చెప్పకముందే చేశాను.

మార్చి 1

ఫిబ్రవరి రెండో తారీఖు మధ్యాహ్నం.

కొట్టాయన ఫోన్ వచ్చినప్పుడు అక్క ఏడుస్తోంది. తువ్వాలు బొమ్మని పొడుగమ్మాయి ఉతికి తీగ మీద ఆరేసింది. చేతులు ఖాళీగా ఉన్నాయని అక్క ఒకటే రాగం. ఫోన్లో పళ్ళ డాక్టరు ఎంత ఇస్తానన్నాడో సరిగా వినపడలేదు. లేచి వెళ్ళి తీగ మీద నుంచి ఆ బొమ్మ తెస్తే సరిపోయేది. నాలుగడుగులు. తడిగా ఉంటుంది, వాసన, అనుకున్నాను. పెట్టె తెరిచే ఉంది. పై వరసలో ఎలుక ఉంది. తీసి అక్క చేతిలో పెట్టి వేళ్ళు మూశాను. వెంటనే ఊరుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి మాట్లాడాను.

తిరిగి చూసేసరికి అక్క చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. ఖాళీగా. కళ్ళలో నీళ్ళు. మొహం ఎర్రబడింది. దగ్గుతోంది. గ్లాసుడు నీళ్ళు తాగించాను. గటగటా తాగింది. దగ్గు తగ్గింది. "మా అక్క బంగారం" అని బుగ్గ తుడిచాను.

చేతులు ఖాళీగా ఉండటం చూశాను. అప్పుడే చూశాను. కోతి నాదైందన్న సంతోషంలో ఉన్నాను. కుర్చీ కింద పడి ఉంటుందిలే, తర్వాత తీద్దాం, అనుకున్నాను.

తర్వాత మరిచిపోలేదు. మరిచిపోవాలని రెండుసార్లు రాసుకున్నాను. పెట్టెలోనే పెట్టాను, బాగా గుర్తు అని.

నీళ్ళు కూడా నేనే తాగించాను.

మార్చి 3

అక్క కూతురు బట్టలు తీసుకోవడానికి వచ్చింది. పాత కుట్టు పెట్టె నేల మీద పెట్టుకుని, దారపు కండెలు రంగుల వారీగా వేరు చేస్తూ కూర్చుంది. వాళ్ళమ్మ అలాగే చేసేది. దానికి తెలియకుండానే చేస్తోంది. అప్పుడు చెప్పాను. ఫోన్ సంగతి, నీళ్ళ సంగతి, ప్లాస్టిక్ పళ్ళ సంగతి. నేను డాక్టరుకి లేదన్నప్పుడు నాకు తెలుసన్న సంగతి.

అది దారాలు వేరు చేయడం ఆపలేదు. ఎర్రవి అయ్యాయి, నీలివి అయ్యాయి. అప్పుడు తలెత్తింది.

"ఇప్పుడెందుకు చెప్పావు పిన్నీ?"

"నీకు తెలియాలి కదా."

"నాకు తెలియాలనా, నీ నెత్తిన బరువు దించుకుని నా నెత్తిన పెట్టాలనా? నిన్నటిదాకా ఎవరినో తిట్టుకుంటూ పడుకునేదాన్ని. ఇప్పుడు ఎవరిని తిట్టుకోను? నాకు మిగిలింది నువ్వొక్కదానివే కదా."

కండె ఒకటి నా వైపు దొర్లితే తీసి ఇవ్వబోయాను, తీసుకోలేదు.

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"లేదు."

"నేను వరండాలో దాని చెయ్యి పట్టి లాగాను. పక్కనే నిలబడి చూశావు." అది ఏడవడం మొదలుపెట్టింది. దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కుట్టు పెట్టె ఒక్కటి తీసుకుని వెళ్ళిపోయింది. బట్టలు ఇక్కడే ఉన్నాయి.

మార్చి 5

పళ్ళ డాక్టరుని పిలిచి పెట్టె మొత్తం ఇచ్చేశాను. కప్ప, నత్త, సన్యాసి, కోతి అన్నీ. ఎందుకు ఇస్తున్నానో అడగబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. ఎలుకని ఇవ్వలేదు. ఇవ్వడానికి మనసొప్పక కాదు. దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేను.

ఇల్లు చాలా పెద్దదైపోయింది.

మార్చి 8

ఏజెన్సీకి వెళ్ళాను. రెండు గదులు. ముందు గదిలో గోడ పొడుగునా బెంచీ, దాని మీద పని కోసం ఎదురుచూసే ఆడవాళ్ళు. లోపలి గదిలో మేనేజరు. పొడుగమ్మాయికి ఆ రోజు నుంచి ఏ ఇంటికీ పని ఇవ్వలేదట. రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుని వెళుతోందట. ఇవాళ ఇంకా రాలేదు. వచ్చేదాకా ఉంటానన్నాను. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు వరసగా అనుకుంటూ వచ్చాను. మరిచిపోతానేమోనని భయం.

ఆమె వచ్చింది. నన్ను చూడగానే సంచి రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. లోపలి గదిలోకి పిలిచారు. లోపలికి రావడంతోనే అడిగింది.

"పెద్దమ్మకెలా ఉంది?"

"చెబుతాను, ముందు నన్ను ఇది చెప్పనీ."

చెప్పాను. అనుకున్నది అనుకున్నట్టు, ఒక్కటీ వదలకుండా. బొమ్మ నేనే అక్క చేతికిచ్చాననీ, తెలిసే ఆమె సంచి బోర్లించాననీ, తెలిసే వరండాలో నోరు మూసుకున్నాననీ. మేనేజరు మధ్యలో గొంతు సవరించుకుని, "సరేనమ్మా, మేం చూసుకుంటాం, ఆమెని రేపటి నుంచే ఎక్కడో ఒక చోట వేస్తాం" అన్నాడు.

"ఇక్కడ కాదండీ" అంది పొడుగమ్మాయి. నాతో కాదు, ఆయనతో. "మీరు నన్ను దొంగన్నది బయట బెంచీ దగ్గర. అందరూ విన్నారు. చెప్పేదేదో అక్కడ చెప్పమనండి."

బయటికి వచ్చాను. బెంచీ మీదివాళ్ళు మాటలాపారు. గట్టిగానే చెప్పాను. "ఈమె దొంగ కాదు. ఏ వస్తువూ తీయలేదు. ఆ బొమ్మ నేనే మా అక్క చేతికిచ్చి, ఈమె మీదికి నెట్టాను."

ఒక ముసలావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి మొహం తిప్పుకుంది. నాకు మాత్రం గుండెల మీద రాయి దింపినట్టుంది. నిజం రాస్తున్నాను. ఆ నిమిషంలో నాకు హాయిగా అనిపించింది.

"అయిందా అమ్మా?" అంది పొడుగమ్మాయి.

"అయింది."

"అయితే ఇప్పుడు చెప్పండి. పెద్దమ్మకెలా ఉంది? ఆ రోజు తర్వాత ఆసుపత్రిలోకి నన్ను రానివ్వలేదు. వచ్చినప్పుడల్లా గేటు దగ్గరే ఆపేశారు. లేచి కూర్చుంటోందా? ఏమైనా తింటోందా?"

ఆమెకి తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేను ఇంత దూరం వచ్చి, ఇంతసేపు మాట్లాడి, నా సంగతే చెప్పుకున్నాను.

"చచ్చిపోయింది" అన్నాను. ఇంకో మాట ఏదైనా ఉండాల్సింది. నాకు తోచలేదు. "ఇరవై మూడునే."

అంత పొడుగు మనిషి ఒక్కసారిగా నేల మీద కూలబడింది. సంచి పక్కకి పడిపోయింది. బెంచీ మీది ఆడవాళ్ళంతా ఒక్క ఉదుటున లేచి ఆమె చుట్టూ చేరారు. ఒకావిడ తల ఒళ్ళోకి తీసుకుంది, ఒకావిడ నీళ్ళ కోసం పరిగెత్తింది. "ఎవరు పోయారమ్మా, మీ వాళ్ళేనా?" అని ఎవరో అడుగుతున్నారు. "ఊఁ" అంటోంది ఆమె, "ఊఁ, మా పెద్దమ్మ."

నన్ను ఎవరూ పలకరించలేదు. ఖాళీ అయిన బెంచీ పక్కన కాసేపు నిలబడి వచ్చేశాను.